పేరు తరవాత, ముందు షడ్జం

కచేరీలో గాయకుడు ఆలాపన మొదలుపెట్టిన అర నిమిషానికే ముందు వరుసల్లో ఒక చిన్న కలకలం పుడుతుంది. ఒకరు పక్కవారి చెవిలో రాగం పేరు చెబుతారు, రెండోవారు కాదన్నట్లు తల అడ్డంగా ఊపుతారు, వెనక వరుసలోని పెద్దాయన ముందుకు వంగి ఇద్దరికీ తీర్పు చెప్పి మళ్ళీ కుర్చీలో జారగిలబడతారు. ముప్పై ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఒక పూర్తి కచేరీకి వెళ్ళిన నాకు ఆ సాయంత్రం సంగీతం కన్నా ఆ గుసగుసలే ఎక్కువగా వినిపించాయి. పేరు తెలిసినవారికి మాత్రమే లోపలికి ప్రవేశం ఉన్నదనీ, తెలియని నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాననీ అనిపించింది. ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకం కొని నలభై రాగాల ఆరోహణ అవరోహణలు, అంటే స్వరాలు ఎక్కే, దిగే వరుసలు, రాసుకొని, చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసినట్లు ఆరు నెలలు వల్లెవేశాను. తరవాతి కచేరీలో ఆ నలభైలో ఒక్కటి కూడా నాకు అక్కరకు రాలేదు.

ఇంట్లో తనకోసం మాత్రమే ఫిడేలు వాయించుకునే మా పెదనాన్న ఆ పుస్తకం తిరగేసి, "పేరుతో నీకేం పనిరా? ముందు షడ్జం ఎక్కడుందో చెప్పు చూద్దాం" అన్నారు. నేను చెప్పలేకపోయాను. ఎదురుగా పాట మోగుతున్నది, స్వరాల పేర్లు నాకు కంఠతా వచ్చు, కానీ మోగుతున్నదానిలో ఏది "స" అన్నది నా చెవికి తెలియదు. ఇల్లు ఎక్కడుందో తెలియకుండా ఊళ్ళోని వీధుల పేర్లన్నీ బట్టీపట్టినవాడి పరిస్థితి నాది. ఈమధ్య మా ఆఫీసులో ఒక కుర్రవాడు శాస్త్రీయ సంగీతం వినాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వచ్చింది. నాకు పాడటం రాదు, గురుముఖంగా నేర్చుకున్నదీ లేదు; పన్నెండేళ్ళుగా వింటున్నవాడిగా, వినడం ఎలా మొదలుపెట్టవచ్చో ఒకే ఒక రాగాన్ని పట్టుకొని చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ రాగం మోహన. ఎందుకు మోహన అన్నది కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే రాగం కన్నా ముందు వినవలసినది వేరే ఉన్నది.

కచేరీ మొదలుకాక ముందు నుంచి చివరి మంగళం దాకా వెనక నిలిచి ఉండే తంబురా నాదాన్ని మనలో చాలామంది ఫ్యాను చప్పుడులాగా పక్కకు నెట్టేస్తాము. నేనూ అంతే చేసేవాణ్ణి. తంబురాకు నాలుగు తీగలుంటాయి. వాటిని పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అంటారు. మొదటిది కింది స్థాయి పంచమం, మధ్యలోని రెండూ గాయకుడి షడ్జం, చివరిది ఆ షడ్జానికి కింది స్థాయి షడ్జం. అంటే ఆ నాలుగు తీగలు కలిసి ఒకదాని తరవాత ఒకటిగా "ప స స స" అని మాత్రమే అంటూ ఉంటాయి. ఈ షడ్జం హార్మోనియం మీద ఫలానా మెట్టు అని ఏమీ నిర్ణయించి లేదు. ఎవరి గొంతుకు ఏది నప్పితే అది వారి షడ్జం. మగవారు తరచు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలో, ఆడవారు తరచు ఐదు, ఐదున్నర శ్రుతులలో పాడతారని విన్నప్పుడు ఆ అంకెలు హార్మోనియం మీద షడ్జం పెట్టుకునే చోటును చెబుతున్నాయని అర్థం చేసుకుంటే చాలు. ఎవరు ఎక్కడ పెట్టుకున్నా, ఒకసారి పెట్టుకున్నాక ఆ కచేరీ అంతటికీ అదే నేల.

కనుక మొదటి వారం రాగం వినవద్దనే నా సలహా. సెల్‌ఫోన్‌లో తంబురా యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ గొంతుకు తగిన శ్రుతి పెట్టుకొని రోజూ పది నిమిషాలు కళ్ళు మూసుకొని ఆ నాదాన్నే వినండి, దానితో కలిసేలా నోరు మూసుకొని సన్నగా కూనిరాగం తీయండి. గొంతు తీగతో కలవనంత సేపు రెండింటి మధ్య ఒక చిన్న అలజడి, ఒక వణుకు వినిపిస్తుంది. కలిసిన క్షణాన ఆ వణుకు ఆగిపోయి మీ గొంతు మీకే వినిపించకుండా పోయినట్లు ఉంటుంది. పాడటం రాదని సిగ్గుపడనక్కరలేదు, తలుపు వేసుకుంటే సరిపోతుంది. నాలుగైదు రోజులకు ఇంకొక వింత జరుగుతుంది. తీగలు పలుకుతున్నది స, ప మాత్రమే అయినా వాటి పైన ఎక్కడో సన్నగా, తీయగా మరొక స్వరం మోగుతున్నట్లు అనిపిస్తుంది. అది భ్రమ కాదు. తీగ మోగేటప్పుడు దాని మూలనాదంతోపాటు రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఐదు రెట్ల వేగంతో కంపించే ఉపనాదాలు కూడా పుడతాయి. ఆ ఐదో రెట్టు సరిగ్గా అంతర గాంధారం అనే "గ" స్వరం దగ్గర పడుతుంది. తీగకూ, అది ఆనే గుర్రానికీ (తీగలను మోసే వంతెనకూ) మధ్య సన్నని దారపు పోగును జరిపి, సరైన చోట నిలిపితే ఈ ఉపనాదాలు విచ్చుకుంటాయి; ఆ పోగును జీవాళి అంటారు. ఆ గాంధారం ఎవరూ మీటకుండానే పుడుతుంది కాబట్టి దానిని స్వయంభూ గాంధారం అంటారు.

మోహన దగ్గర మొదలుపెట్టమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. మోహనలో ఉన్నవి ఐదు స్వరాలే: షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. ఎక్కేటప్పుడూ స రి గ ప ధ స, దిగేటప్పుడూ అవే స ధ ప గ రి స. వాటిలో స, ప తంబురా తీగలే, గ ఆ తీగల నుంచి తనంతట తాను పుట్టేది. అంటే ఐదింటిలో మూడు మీరు వారం రోజులుగా వింటున్న నాదంలోనే ఉన్నాయి. మోహన పాడే మనిషి గాంధారం మీద నిలిచినప్పుడు ఏదో దీపం వెలిగించినట్లు ఉంటుందని రసికులు అంటుంటారు. అందులో కవిత్వం కొంత, భౌతికశాస్త్రం కొంత అని నా అభిప్రాయం. గొంతులోని గాంధారం తంబురా గాంధారంతో ఏకమైనప్పుడు రెండూ ఒకదానినొకటి పెంచుకుంటాయి, గదంతా ఒక్కసారి నిండినట్లు అవుతుంది. దానిని వినడానికి మేళకర్తల, అంటే ఏడు స్వరాల మూల రాగాల, పట్టిక తెలియనక్కరలేదు. డెబ్బైరెండు మేళకర్తల లెక్కలో మోహన 28వ మేళమైన హరికాంభోజికి జన్యం, అంటే దాని నుంచి పుట్టినది, అన్న సంగతి మీకు ఎప్పటికో పనికివస్తుంది, ఈ నెల కాదు.

రెండో కారణం సౌకర్యానికి సంబంధించినది. చిన్నప్పుడు నాలుగు నెలలైనా సంగీతం క్లాసుకు వెళ్ళిన తెలుగువాడెవడికైనా "వరవీణా మృదుపాణి" అనే గీతం ఎక్కడో గుర్తుండే ఉంటుంది. అది మోహన. మరికొంత కాలం వెళ్ళినవారికి "నిన్నుకోరి" వర్ణం వచ్చి ఉంటుంది. అదీ మోహనే. మీరు ఆ తరగతి నుంచి పారిపోయినవారైనా సరే, చెవి ఆ వరుసను మరచిపోదు.

ఇప్పుడు షడ్జాన్ని ఎందుకంతగా పట్టుకొమ్మంటున్నానో చూపించే ఒక ఆట చెబుతాను. దీనికి హార్మోనియమో, చిన్న కీబోర్డో, సెల్‌ఫోన్‌లోని కీబోర్డు యాప్ అయినా సరిపోతుంది. నల్ల మెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి నల్ల మెట్టు నుంచి మొదలుపెట్టి వరుసగా నల్ల మెట్లను మాత్రమే నొక్కుకుంటూ పైకి వెళ్ళండి: మోహన వినిపిస్తుంది, నాలుగున్నర శ్రుతిలో. తంబురా యాప్‌ను నాలుగున్నర శ్రుతికి పెట్టి కాసేపు ఆ ఐదు మెట్ల మీదే తిరగండి. తరవాత తంబురాను ఐదున్నర శ్రుతికి మార్చి, కుడి పక్కనున్న నల్ల మెట్టును షడ్జంగా తీసుకొని, మళ్ళీ అవే నల్ల మెట్ల మీద తిరగండి. ఒక్క మెట్టు కూడా కొత్తది లేదు, కానీ వినిపించేది మోహన కాదు, మధ్యమావతి. కచేరీ చివర పాడితే అంతకుముందు దొర్లిన దోషాలన్నీ పోతాయని నమ్మే రాగం. మూడో మెట్టును షడ్జం చేస్తే హిందోళం, తరవాతిదాన్ని చేస్తే శుద్ధ సావేరి, ఆ తరవాతిదాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి వస్తాయి. దీనిని గ్రహభేదం అంటారు. విద్వాంసులు కచేరీలో ఎప్పుడో ఒకసారి దీనిని చేసి చూపి చప్పట్లు కొట్టించుకుంటారు. నాకైతే ఇది ప్రదర్శన కన్నా పాఠంగానే ఎక్కువ నచ్చుతుంది. ఐదు మెట్లు కదలలేదు, నేల మాత్రమే కదిలింది. రాగం స్వరాలలో లేదు, స్వరానికీ షడ్జానికీ ఉన్న దూరంలో ఉన్నదని నా చెవికి ఎక్కిన రోజు అదే, నా నోటు పుస్తకం అటక మీదికి ఎక్కిన రోజూ అదే.

అయితే ఈ ఆటతో ఒక ప్రమాదం ఉన్నది. నల్ల మెట్ల మీద మీరు వాయించినది మోహన స్వరాల వరుస మాత్రమే, మోహన రాగం కాదు. ఇదే ఐదు స్వరాల వరుస చైనా సంగీతంలో ఉన్నది, స్కాట్లాండు జానపద గీతాలలోనూ ఉన్నది. వాటిని విని మోహన అని ఎవరూ అనరు. మెట్టు మీద వేలు పెడితే స్వరం ఒక్కసారిగా పుట్టి ఒక్కసారిగా ఆగుతుంది. మన గాయకుడి స్వరం అలా పుట్టదు. పక్క స్వరం నుంచి జారుతూ వస్తుంది, వచ్చిన చోట కొంచెం ఊగుతుంది, వెళ్ళేటప్పుడు తరవాతి స్వరాన్ని తాకి మరీ వెళుతుంది. ఈ కదలికలను గమకాలు అంటాము. ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చువేసినప్పుడు, స్వరాక్షరాలు ఒక్కటే చాలవని గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు కల్పించి వాటి పైన వేశారు. తమిళదేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉన్నదన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. గమకం పలకదన్నది కూడా ఒక కారణంగానే హార్మోనియంను ఆకాశవాణి 1940లో తన ప్రసారాల నుంచి బహిష్కరించింది. 1971లో గాని ఆ ఆంక్ష సడలలేదు. ఆ నిషేధం మరీ కఠినమని నేను అనుకుంటాను, కానీ దాని వెనక ఉన్న చెవి పొరపాటు చెవి కాదు.

హిందుస్తానీ సంగీతంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలిసే జంట ఒకటి ఉన్నది. మన మోహన స్వరాలతోనే అక్కడ భూప్ లేక భూపాలీ అనే రాగం ఉన్నది, దేశ్‌కార్ అనే రాగమూ ఉన్నది. భూప్‌లో గాంధారం యజమాని, దేశ్‌కార్‌లో ధైవతం యజమాని. మొదటిది రాత్రి తొలి వేళకు చెందినది, రెండోది ఉదయానికి. గాయకుడు ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తాడు, ఎక్కడ ఆగకుండా దాటిపోతాడు అన్నంత మాత్రానే రెండు రాగాలు వేరైపోతాయి. కిశోరీ అమోన్కర్ పాడిన భూప్ రికార్డింగులు సులువుగా దొరుకుతాయి. ఒక రాత్రి వాటిని వినండి. ఆమె గాంధారం దగ్గరికి ఎన్ని దారులలో వస్తుందో, వచ్చి ఎంతసేపు ఉంటుందో గమనించాక మోహనకు తిరిగి వస్తే, మనవాళ్ళు అదే గాంధారాన్ని ఎంత భిన్నంగా, ఎంత చురుకుగా వాడుకుంటారో తెలుస్తుంది. ఎవరిది గొప్ప అన్న వాదనలోకి మాత్రం వెళ్ళకండి, అది వినడాన్ని పాడుచేస్తుంది.

ఇక ఆలాపన. కొత్తవారికి భయం పుట్టించేది ఇదే. మాటలు లేవు, తాళం లేదు, "తదరినా" వంటి అక్షరాలు పట్టుకొని మనిషి పదీ పదిహేను నిమిషాలు ఎక్కడికి వెళుతున్నాడో తెలియదు. తెలియకపోవడానికి కారణం ఆయన వెళుతున్న చోటును వెతకడమే, ఆయన ఆగుతున్న చోటును వినకపోవడమే. మోహన ఆలాపన వింటూ మిగిలినవన్నీ వదిలేసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ఊపిరి తీసుకున్నది ఏ స్వరం మీద? మొదట్లో జవాబు స, ప, గ ఈ మూడింటిలో ఒకటిగా ఉండే అవకాశమే ఎక్కువ. స మీద ఆగితే ఇంటికి వచ్చినట్లు, ప మీద ఆగితే అరుగు మీద కూర్చున్నట్లు, గ మీద ఆగితే ఇంకా ఏదో చెప్పబోతున్నట్లు ఉంటుంది. రి మీద ఆగితే మనసు నిలవదు, స వైపు లాగుతుంది. ఆ లాగుడును కావాలని పొడిగించి, మనల్ని వేచి ఉండేలా చేసి, ఆఖరికి "గరిసా" అని దించడం గాయకుల పాత యుక్తి. ఎన్నిసార్లు విన్నా ప్రతిసారీ నేను అందులో పడతాను.

ఆలాపనకు ఒక నడక ఉంటుంది. మధ్య షడ్జం చుట్టూ, కింది ధైవతం దాకా దిగి చిన్నచిన్న పలుకులతో రాగాన్ని పరిచయం చేస్తారు. తరవాత గాంధారం, ఆపైన పంచమం, ధైవతం ఇలా ఒక్కొక్క స్వరాన్ని కేంద్రంగా చేసుకొని దాని చుట్టూ అల్లుతారు. క్రమంగా పై షడ్జానికి చేరి అక్కడ దీర్ఘంగా నిలుస్తారు. ఆ నిలిచిన చోట సభలో "భేష్" అన్న మాట వినపడితే ఆశ్చర్యపోకండి, చాలాసేపటి నుంచి అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. అక్కడి నుంచి పై రిషభ గాంధారాలను తాకి, వేగం పెంచి, పరుగులతో కింది దాకా వచ్చి ముగిస్తారు. అందరూ ఇదే పద్ధతిలో పాడాలన్న నియమం లేదు, కానీ మొదటి పదిసార్లు ఈ మెట్లదారిని మనసులో పెట్టుకొని వింటే దారితప్పినట్లు అనిపించదు.

గాయకుడు ముగించాక ఫిడేలు విద్వాంసుడు తన వంతుగా అదే రాగాన్ని ఆలాపిస్తారు. నేను మొదట్లో ఆ సమయాన్ని సెల్‌ఫోన్ చూసుకోవడానికి వాడుకునేవాణ్ణి. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, ఎందుకంటే కొత్తవాడికి అంతకన్నా మేలైన పాఠం దొరకదు. ఒకసారి విన్న సంగతులే, గొంతు అడ్డు లేకుండా, మరో రూపంలో, మరింత కుదించి వెంటనే మళ్ళీ వినిపిస్తున్నారు. గాయకుడు పాడుతున్నప్పుడు కూడా ఫిడేలు ఒక అడుగు వెనకగా నీడలా వెంట వస్తుంది. పాడినది మీ చెవి జారవిడిస్తే, ఆ నీడలో దాన్ని మళ్ళీ అందుకోవచ్చు.

కీర్తన దగ్గరికి వచ్చేసరికి తెలుగువారికి ఒక వరమూ ఒక చిక్కూ కలిసి వస్తాయి. మాటలు మనవి. చెన్నైలో దశాబ్దాలుగా కచేరీలు వింటున్న రసికుడికి అనువాదం చదివితే గాని తెలియని భావం మనకు పుట్టుకతో తెలుస్తుంది. "నను పాలింప నడచి వచ్చితివో, నా ప్రాణనాథ" అని మోహనలోని కీర్తనలో త్యాగరాజు శ్రీరాముణ్ణి అడిగినప్పుడు "నడచి" అన్న ఒక్క మాటలో ఎంత ఆశ్చర్యం, ఎంత చనువు ఉన్నాయో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ అనే శిష్యుడు తన గురువు కూతురి పెళ్ళికి కానుకగా శ్రీరాముడి చిత్రపటాన్ని మోసుకొని తిరువయ్యారు దాకా నడిచి వచ్చాడనీ, ఆ పటాన్ని చూసి త్యాగరాజు ఈ కీర్తన పాడారనీ సంప్రదాయంలో ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథ తెలిశాక "నడచి" మరింత బరువెక్కుతుంది. చిక్కేమిటంటే, మాటలు తెలియడం వల్ల మనం మాటల దగ్గరే ఆగిపోతాము. సాహిత్యం అర్థమైంది కాబట్టి సంగీతమూ అర్థమైందనుకుంటాము. పైగా గాయకుడు ఎక్కడైనా పదాన్ని తప్పుగా విరిస్తే, మిగిలిన కీర్తన అంతా ఆ విరుపు మీద విసుక్కుంటూనే గడిపేస్తాము. ఈ జబ్బు నాకు ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదు.

దీనికి నేను కనుక్కొన్న మందు, మోహన కీర్తనను మొదట వాద్యం మీద వినడం. వీణ అయితే మరీ మంచిది. వీణలో పక్కన ఉండే మూడు తాళపు తీగలు షడ్జ పంచమాలను మాటిమాటికీ గుర్తుచేస్తూ ఉంటాయి కనుక నేల ఎక్కడో మరచిపోయే వీలుండదు. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు, ఫిడేలులో ద్వారం వెంకటస్వామి నాయుడు, నాదస్వరంలో షేక్ చినమౌలానా, మాండొలిన్‌లో పాలకొల్లు నుంచి వచ్చిన శ్రీనివాస్: మన తెలుగు వాద్యకారులే వినడానికి ఒక ఏడాది సరిపడా ఉన్నారు. నాలుగు రోజులు వాద్యంలో విని, ఐదో రోజు బాలమురళీకృష్ణో, నేదునూరి కృష్ణమూర్తో, మీకు నచ్చిన మరొకరో పాడింది వింటే మాట వచ్చి రాగం మీద కూర్చున్నట్లు ఉంటుంది. అప్పుడు పల్లవిలో ఒక్కో సంగతి, అంటే అదే పాదాన్ని కొత్తగా పాడే రూపం, ఒక్కో మడత విప్పుకుంటూ పెరగడమూ, అనుపల్లవి పై స్థాయికి ఎక్కడమూ, చరణం మళ్ళీ నెమ్మదిగా మధ్యస్థాయికి దిగి రావడమూ వేటికవి కనిపిస్తాయి.

"నను పాలింప" కీర్తనలో "కరమున శర కోదండ కాంతితో" అనే పాదాన్ని చాలామంది నెరవుకు ఎత్తుకుంటారు. నెరవు అంటే ఆ ఒక్క పాదాన్నే, తాళంలో దాని చోటు చెడకుండా, ప్రతిసారీ కొత్త సంచారంలో పాడటం. దాని తరవాత స్వరకల్పన వస్తుంది; ఇక్కడ కొత్తవారు చెవులు రిక్కించుకోవాలి. ఆలాపనలో దాచినదంతా ఇక్కడ గాయకుడు తన నోటితోనే బయటపెడతాడు. తాను ఏ స్వరం పాడితే దాని పేరే పలుకుతాడు. "గపధసా, సధపగరీ, గరిసధ" అని వింటున్నప్పుడు గాంధారం అన్న మాట, గాంధారం అన్న ధ్వని ఒకే క్షణంలో చెవిలో పడతాయి. నాకు స్వరజ్ఞానమంటూ ఏ కొంచెమైనా అబ్బితే అది స్వరకల్పనల చలవే. ఇరవై నిమిషాలు విన్నా మ అన్న అక్షరమూ, ని అన్న అక్షరమూ ఒక్కసారి కూడా వినిపించకపోవడాన్ని గమనించండి. లేనివాటిని వినడం అలా మొదలవుతుంది. గ నుంచి ప దాకా, ధ నుంచి పై స దాకా ఉన్న ఆ రెండు ఖాళీలే మోహనకు గాలీ వెలుతురూ వచ్చే కిటికీలు.

తాళం గురించి ఎక్కువ చెప్పను. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళు, తరవాత దెబ్బ, ఉసి (అరచేతిని తిప్పడం), మళ్ళీ దెబ్బ, ఉసి. ముందు వరుసలోని వారి చేతులు చూస్తూ మీరూ వేస్తూ ఉంటే రెండు కచేరీల్లో చేతికి పట్టుబడుతుంది. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే లేచి కాఫీకి వెళ్ళేవారిని అనుసరించకండి. ఈ నెల మీ దృష్టి రాగం మీద కాబట్టి అంతకుమించి తాళం జోలికి పోనక్కరలేదు.

ఒక రాగం ఎంతకాలం వినాలి అంటే, నా లెక్కలో ఒక నెల. రోజుకు ఒక్క రికార్డింగు చాలు, కానీ అది మోహనే కావాలి, పాడేవారు మాత్రం మారాలి. రెండో వారం చివరికి విసుగు పుడుతుంది. అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. నిజానికి ఆ విసుగు మంచి సంకేతం, ఎందుకంటే అన్నింటిలోనూ ఒకేలా ఉన్నదేదో మీ చెవికి దొరికిందని అర్థం, దాని పేరే రాగం. మూడో వారంలో అది వెనక్కు జరిగి ఒక్కొక్కరి తేడా ముందుకు వస్తుంది. వంట చేస్తూనో, బండి నడుపుతూనో వినడం తప్పని నేను అనను, కానీ రోజులో ఆ ఒక్క రికార్డింగును మాత్రం కూర్చొని వినండి. చిన్న స్పీకరులో మంద్ర స్థాయి తంబురా వినిపించకుండా పోతుంది కనుక ఇయర్‌ఫోన్లు మేలు. మోహన వింటే సంతోషం కలుగుతుంది, ఫలానా రాగం వింటే దుఃఖం కలుగుతుంది వంటి పట్టికలు చదివి వాటికోసం ఎదురుచూడకండి. మోహనలోనే పండగ హుషారు ఉన్న కృతులున్నాయి, కంట నీరు పెట్టించే, నెమ్మదిగా నడిచే విళంబకాల కృతులూ ఉన్నాయి.

నాలుగో వారంలో పొరుగు రాగాలను పిలవవచ్చు. మోహనలోని గాంధారాన్ని ఒక్క మెట్టు కిందికి దించి సాధారణ గాంధారం చేస్తే శివరంజని అవుతుంది. మిగిలిన నాలుగు స్వరాలూ అవే. తంబురాలో మోగే గాంధారంతో ఇప్పుడు గొంతు కలవదు, ఆ ఎడబాటే ఆ రాగానికి జాలిని తెస్తుందని నాకు అనిపిస్తుంది. ధైవతం తీసేసి దాని చోట కాకలి నిషాదం (పై షడ్జానికి దగ్గరగా ఉండే "ని") పెడితే "వాతాపి గణపతిం" అందరికీ తెలిసేలా చేసిన హంసధ్వని. అన్నింటికన్నా మోసకారి బిలహరి. ఎక్కేటప్పుడు అచ్చం మోహనలాగే స రి గ ప ధ స అని ఎక్కి, దిగేటప్పుడు మాత్రం శంకరాభరణంలాగా ని, మ రెంటినీ కలుపుకొని దిగుతుంది. వినడం మొదలుపెట్టిన మూడో ఏట ఒక కచేరీలో ఆలాపన మొదలుకాగానే, పక్కనున్న అపరిచితుడికి, ఆయన అడగకుండానే, నేను "మోహన" అని చెప్పాను. ఆయన వినయంగా తల ఊపారు. నిమిషం తిరగకుండా పై షడ్జం నుంచి నిషాదం మీదుగా గాయని మెత్తగా జారింది. ఆయన నావైపు చూడలేదు, అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ నిషాదం మాత్రం నాకు జన్మంతా గుర్తుంటుంది.

నెల పూర్తయ్యాక తరవాతి రాగమేదని అడిగితే నేను కల్యాణి పేరు చెబుతాను. మోహనలో ఉన్న ఐదు స్వరాలూ అందులో ఉన్నాయి, కాబట్టి ఇల్లు పాతదే. ఖాళీగా ఉన్న రెండు కిటికీలలో ఇప్పుడు ప్రతి మధ్యమమూ ("మ"లలో పై మెట్టుది) కాకలి నిషాదమూ వచ్చి కూర్చుంటాయి. ఆ మధ్యమం పంచమానికి ఎంత దగ్గరగా ఆనుకొని ఉంటుందంటే, దాని మీద నిలబడ్డ గొంతు ఎప్పుడు పంచమంలోకి దాటుతుందా అని ఊపిరి బిగపట్టుకొని చూడవలసి వస్తుంది. తంబురా తొలి తీగ పలుకుతున్నది ఆ పంచమమే కనుక, మొదటి వారం దానితో గడిపినవారికి ఆ దూరం కొలవడానికి ఇంకొకరి సాయం అక్కరలేదు.